సంతాప దినాన మనం ఆపిన మాట: మన సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

పర్లాకిమిడి

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారాలు.

ఒడిశాలోని మన పర్లాకిమిడి తెలుగు సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆమోదం కోసం మీరు పంపిన కొత్త నియమావళి ముసాయిదాను మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. చందాల గురించి, గ్రంథాలయం వేళల గురించి మీరు రాసినవాటితో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా పద్నాలుగో నియమంతోనే. “రాజులు, రాణులు, దేశాధినేతలు, ప్రముఖులు మరణించి సంతాపం పాటిస్తున్న రోజుల్లో వారి గురించిగాని, వారి వంశం గురించిగాని, వారి పాలన గురించిగాని సంఘం వేదికమీద ప్రతికూలంగా మాట్లాడరాదు, మాట్లాడినవారిని ఏడాదిపాటు సంఘం కార్యక్రమాలకు దూరంగా ఉంచవలెను” అని అందులో ఉంది. ఈ నియమం ఎక్కడ పుట్టిందో మనలో పాతవాళ్ళందరికీ తెలుసు. 2022 సెప్టెంబరు 11 ఆదివారం సాయంత్రం మన హాల్లో జరిగినదాని మీద ఆ రాత్రే హడావుడిగా ఒక తీర్మానం రాసుకున్నాం. ఇప్పుడు దాన్నే శాశ్వతం చేయబోతున్నాం. ఆ రోజు న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురిలో నేనొకడిని. నోరు విప్పవలసిన చోట విప్పలేదు. అందుకే ఈ లేఖను కార్యదర్శిగారి చేతికిచ్చి ఊరుకోకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆనాటి సంగతి కొత్త సభ్యులకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి, అంటే ఆగస్టు 29న, జరపవలసిన వక్తృత్వ పోటీలను ఆ ఏడాది చవితి పందిళ్ళ హడావుడివల్ల రెండు వారాలు వెనక్కి జరిపాం. ఈలోగా సెప్టెంబరు 8న స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటలో రెండో ఎలిజబెత్ రాణి 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. డెబ్బై ఏళ్ళకు పైగా సింహాసనం మీద ఉన్న మనిషి. భారత ప్రభుత్వం 11వ తేదీని సంతాప దినంగా ప్రకటించి, జెండాలను అవనతం చేయించి, అధికారిక వినోద కార్యక్రమాలను ఆపివేసింది. మనది ప్రభుత్వ కార్యక్రమమూ కాదు, వినోదమూ కాదు కాబట్టి పోటీలు జరుపుకోవచ్చుననీ, అయితే ముందుగా రెండు నిమిషాలు మౌనం పాటించాలనీ కార్యవర్గం నిర్ణయించింది. ఆ నిర్ణయం సబబైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

మౌనం పాటిస్తుండగా వెనక వరసలో నిలబడ్డ కొందరు కుర్రాళ్ళు ఆ ముసలావిడ శరీరం గురించీ శవపేటిక గురించీ ఒక వెకిలి మాట అన్నారు. ఆ మాటను ఇక్కడ తిరిగి రాయను. హాల్లో సగంమందికి వినిపించింది. వేదికమీద ఉన్న ఇద్దరు పెద్దలు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకోవడం నేను కళ్ళారా చూశాను. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

పోటీలో నాలుగో వంతు తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిది. మౌనం పాటించినంతసేపూ ఆ పిల్ల చేతులు కట్టుకుని, తల వంచుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. మొదటి వరసలోనే ఉంది కాబట్టి నాకు బాగా గుర్తు. అప్పటికప్పుడు చీటీ తీసి ఇచ్చిన అంశం “మనం మరవకూడని చరిత్ర”. పోయిన రాణిగారి ఆత్మకు శాంతి కలగాలని మొదలుపెట్టింది. తరువాత 1866లో ఒడిశాను ఊడ్చేసిన నఅంక కరువు గురించి చెప్పింది. “ఈ రాణిగారు ఆ కరువు తేలేదు. కాని ఆవిడ ధరించిన కిరీటం పేరుమీదనే అప్పుడు మనల్ని పాలించారు. జెండా దించిన రోజున ఆకలితో పోయిన ఆ లక్షలమందిని కూడా ఒక్కసారి తలుచుకుంటే తప్పా?” అని అడిగింది. అక్కడ గంట కొట్టారు. ఆ పిల్లకు ఇంకా రెండు నిమిషాల సమయం ఉందని నా ముందున్న గడియారం చెబుతోంది. చావు కబురు విన్న రోజున ఇవేం మాటలని వేదికమీదనుంచి మందలించి, అదే మైకులో క్షమాపణ చెప్పమన్నారు. “తప్పయింది” అన్న ఒక్క మాట అని, చీటీని మడిచి బల్లమీద పెట్టి దిగిపోయింది. ఆమె మార్కుల కాగితం మీద గీత కొట్టమంటే కొట్టింది నేనే.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. కొమ్ముతో బొమ్మలు చేసే పనివాడు. మన ఊరి కొమ్ముపని గురించి బయటివాళ్ళకు గొప్పగా చెప్పుకొంటాం గాని, ఆ పని చేసే చేతుల్ని దగ్గరగా చూసేవాళ్ళం తక్కువ. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి, అరచేతుల్లో ఆకురాయి గీతలు. కాగితంలో చుట్టి తెచ్చిన కొంగ బొమ్మను బల్లమీద పెట్టాడు. ఒంటికాలి మీద నిలబడ్డ నల్లటి కొంగ. మెడ వంపు దగ్గర దీపానికెదురుగా పట్టుకుంటే తేనెరంగు కనిపిస్తుంది. “పిల్లది మాస్టారూ, పెద్దా చిన్నా తెలీక అనేసింది. పేరు మాత్రం కొట్టెయ్యకండి” అన్నాడు. పిల్ల ఏమందో అతనికి ఎవరూ సరిగా చెప్పలేదు. రాణిగారిని తిట్టిందని మాత్రం చెప్పారట. తిట్టలేదని నేను చెప్పాను. మరి క్షమాపణ ఎందుకు చెప్పించారని అతను అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు మనం పొరబడింది ఇక్కడే. చచ్చిపోయిన మనిషిని వెక్కిరించినవాళ్ళను వదిలేశాం. చచ్చిపోయిన మనిషికి తల వంచి, ఆ మనిషి కూర్చున్న సింహాసనాన్ని ప్రశ్నించిన పిల్లను శిక్షించాం. ఈ రెండూ ఒకటి కావు. ఒకటి మర్యాద తప్పడం, రెండోది చరిత్ర చెప్పడం. పద్నాలుగో నియమం ఈ తేడాను చెరిపేస్తోంది. పైగా నియమంలో ఉన్న మాటలు చూడండి: “వారి వంశం”, “వారి పాలన”. వెకిలితనం గురించి ఒక్క ముక్క లేదు. అంటే రేపు ఇలాంటిదే జరిగినా వెనక వరసవాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు, ముందు వరసలోని పిల్లకే శిక్ష పడుతుంది.

ఆ అమ్మాయి ఎత్తిన విషయం చిన్నది కాదు కాబట్టి దాని గురించి కొంత చెప్పాలి. 1866 నాటి ఆ కరువులో సుమారు 10 లక్షలమంది, అంటే అప్పటి ఒడిశా జనాభాలో మూడో వంతు, చనిపోయారు. ముందటేడు వానలు వెనకబట్టాయి. బియ్యం నిల్వలు ఎంత తక్కువగా ఉన్నాయో పాలకులు గుర్తించలేదు. బయటినుంచి బియ్యం తెప్పించడానికి పూనుకునేసరికి వర్షాకాలం వచ్చి సముద్రపు దారి మూసుకుపోయింది. అప్పుడు లండన్‌లో సింహాసనం మీద ఉన్నది విక్టోరియా. అయితే ఆ కరువుకు ఒడియావాళ్ళు పెట్టుకున్న పేరు మాత్రం మరో రాజుగారి లెక్కనుంచి వచ్చింది. పూరీ గజపతి దివ్యసింహదేవుని పాలనలో అది తొమ్మిదో అంకం, ఒడియాలో నఅంక. అంకాల లెక్కలో ఒకటినీ, ఆరుతో ముగిసే సంఖ్యలనూ వదిలేస్తారు కాబట్టి తొమ్మిదో అంకమంటే నిజానికి ఏడో ఏడు. రాజు గద్దెనెక్కి ఎన్నేళ్ళయిందో గుర్తుపెట్టుకోవడానికి పంచాంగాల్లో వేసుకునే అంకె అది. జనం నోట అది ఆకలికి పేరైపోయింది. ఎవరూ ఆ రాజుగారిని అవమానించాలని ఆ పేరు పెట్టలేదు. రాజుల కాలాన్ని జనం తమ కష్టాలతో కూడా కొలుస్తారు, అంతే. మన వీధిలో ఒడియా మాధ్యమంలో చదివే పిల్లలందరికీ ఈ మాట తెలుసు. ఆ అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పింది. ఇంకో పదేళ్ళకు, 1877 జనవరి 1న, మన గంజాం అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ మరో పెద్ద కరువులో ఉండగానే విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిపారన్న సంగతి కూడా ఆ పిల్ల చెప్పబోయి ఉంటుంది. గంట కొట్టాం కాబట్టి తెలియలేదు.

మన ఆచారంలో చావింట శత్రువునైనా పల్లెత్తు మాట అనకూడదని మీలో ఒకరు ఆ రోజు అన్నారు. ఆ మాటను నేను పూర్తిగా గౌరవిస్తాను. కాని మన ఆచారం అక్కడితో ఆగలేదు. రావణుడు నేలకూలాక విభీషణుడు అన్నకు కర్మ చేయడానికి వెనకాడితే, పగలన్నీ చావుతో సరి, అతడు నీకెలాగో నాకూ అలాగే, సంస్కారం చేయమని రాముడు చెప్పిన సంగతి మనందరం పురాణ కాలక్షేపాల్లో విన్నదే. ఆ సందర్భంలోనే రాముడు రావణుడు అధర్మపరుడనీ, అసత్యపరుడనీ కూడా అన్నాడు. అంటూనే తేజస్వి, బలవంతుడు, శూరుడు అన్నాడు. శవం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పి, ఆ తరువాత చితి పేర్పించాడు. దానికి భిన్నంగా, ఎవరు పోయినా లేనిపోని గొప్పలు అంటగట్టే అలవాటు కూడా మనకుంది. దాన్ని చూసే మన పెద్దలు “చచ్చినవాడి కళ్ళు చారెడు” అన్నారు. ఇప్పుడు మీరు రాసిన నియమం రాముడి దారిలో లేదు, చారెడు కళ్ళ దారిలో ఉంది.

మా నాన్నగారి సంగతి ఒకటి చెబుతాను. 1974లో మన మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్‌గారు పోయారు. అప్పటికి ఆయన ఏలే రాజు కాదు, జమీలు రద్దయి చాలా ఏళ్ళయింది. అయినా ఊరివాళ్ళ దృష్టిలో రాజే. ప్రత్యేక ఒడిశా కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో గొంతెత్తినవారు, 1937లో ఒడిశాకు మొదటి ప్రధాని అయినవారు. పర్లాకిమిడి ఒడిశాలో కలవడం మా నాన్నగారికి చివరిదాకా మింగుడుపడలేదు. ఆయనకు పదహారేళ్ళప్పుడు, నాలుగడుగుల దూరంలో పాతపట్నంలో ఉన్న మేనత్తగారిల్లు పరాయి రాష్ట్రమైపోయింది. మహారాజావారు పోయిన కబురు తెలిసిన పూట ఆయన బేరాన్ని మధ్యలో ఆపి, తూచిన పప్పును తిరిగి గోనెలో పోసి, కొట్టు పలకలు వేసేశారు. నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, చెప్పులు లేకుండా వీధి చివరిదాకా వెళ్ళి, కోట వైపు తిరిగి చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు. ఆయన పక్కన నేనున్నాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ రాత్రి అన్నం దగ్గర సరిహద్దు సంగతి ఎత్తి, ఎప్పుడూ చెప్పే బాధే మళ్ళీ చెప్పారు. “ఈ ఒక్క పూటకైనా ఊరుకోకూడదూ” అంది మా అమ్మ. “పొద్దుటినుంచీ ఊరుకున్నాను కదే. నాకు అక్షరాలు చెప్పిన బడి ఆయనదే, దణ్ణం పెట్టి వచ్చాను. అయిందేదో అయిందని మాత్రం అనలేను” అన్నారు నాన్న. ఆ రెండూ ఆయన మనసులో ఒకదాన్నొకటి తోసుకోలేదు.

ఎవరి పేరు మీద మనం ఆ పోటీలు పెట్టామో ఆ గిడుగువారి జీవితం కూడా ఇదే చెబుతోంది. ఆయన ఈ ఊళ్ళో రాజావారి బడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చి, బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన రావు సాహెబ్ బిరుదును, కైజర్-ఇ-హింద్ పతకాన్ని అందుకున్నారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు అదే ప్రభుత్వం చేసిన పనికి నిరసనగా డెబ్బై దాటిన వయసులో తన జీవితమంతా గడిపిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ ఏడాది సంగతి ఇంకొంచెం చూడండి. జనవరి 20న ఐదో జార్జి చక్రవర్తి చనిపోయాడు. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేనాటికి సింహాసనం మీద ఉన్నవాడు ఎనిమిదో ఎడ్వర్డు. డిసెంబరులో ఆయన సింహాసనాన్నే వదులుకున్నాడు. ఒక రాజు మైల తీరీతీరకముందే, ఏడాదైనా నిండా ఏలని ఇంకో రాజు పేరు మీద, మన ఇళ్ళ మధ్యనుంచి గీత గీశారు. నల్ల గుడ్డ కట్టుకున్న రోజులు కదా, ఏమీ అనకూడదని గిడుగువారు నోరు మూసుకుని ఉంటే మనం ఈరోజు ఆయన జయంతి చేసేవాళ్ళమా?

రాజుల పేర్లతో మనకు తగువు లేదు. జ్వరం ముదిరితే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి పరుగెత్తుతాం, అక్కడా లాభం లేకపోతే విశాఖపట్నం కేజీహెచ్‌కి. ఒకటి మన మహారాజావారి పేరు, రెండోది 1923లో కట్టిన నాటినుంచి జార్జి చక్రవర్తి పేరు మోస్తున్నది. మంచం దొరకని రోజున మన నోట వచ్చే మాటలు ఆ రాజులకు తగలవు; అవి ఆసుపత్రి గురించిన మాటలు. సింహాసనం గురించిన మాట కూడా అలాంటిదే.

ప్రభుత్వమే సంతాపం ప్రకటించిన రోజున ఇలా మాట్లాడవచ్చా అని మీరు అడగవచ్చు. సంతాప దినం నాడు జెండాను దించడానికి, విందులు వినోదాలు ఆపడానికి ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. చరిత్ర పాఠం చెప్పవద్దని ఏ ఆదేశంలోనూ లేదు. మర్యాద ఎలా పాటించాలో ఆ రోజుల్లో మన దేశం చక్కగా చూపించింది కూడా. మన ఒడిశా ఆడపడుచు, మయూర్‌భంజ్ సంతాలీ ఇంట పుట్టిన ద్రౌపది ముర్ముగారు, రాష్ట్రపతి అయి రెండు నెలలైనా కాకముందే లండన్ వెళ్ళి సెప్టెంబరు 19న అంత్యక్రియల్లో పాల్గొన్నారు. ఒకప్పుడు ఆ సింహాసనం కింద ఉన్న దేశానికి ఆమె అధినేతగా అక్కడ కూర్చున్నారు. అందులో ఒదిగిపోవడం లేదు, ఎగతాళి అంతకన్నా లేదు.

సరిగ్గా అదే ఆదివారం, సెప్టెంబరు 11న, రాణిగారి సొంత దేశంలో ఏం జరిగిందో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. కొత్త రాజు పేరును చాటుతున్న సభలో “ఈయన్ని ఎన్నుకున్నదెవరు?” అని అరిచినందుకు ఆక్స్‌ఫర్డులో ఒకాయన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. ఎడింబరోలో రాచరికం వద్దని అట్టముక్క పట్టుకున్న ఇరవైరెండేళ్ళ అమ్మాయిని అరెస్టు చేశారు. ఆ మర్నాడు లండన్‌లో ఖాళీ తెల్లకాగితం పట్టుకున్న ఒక న్యాయవాది దగ్గరకు వచ్చి పోలీసు వివరాలడిగాడు. ఇవన్నీ చూసి ఆ దేశంలోనే, రాణిగారంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా, ఇది తగదన్నారు. నిరసన తెలిపే హక్కు జనానికి ఉందని లండన్ పోలీసులే ప్రకటించవలసి వచ్చింది. ఆక్స్‌ఫర్డు మనిషి మీద కేసును తరువాత వదులుకున్నారు. శవపేటికను చూడడానికి రాత్రంతా చలిలో బారులు తీరిన సుమారు రెండున్నర లక్షలమంది గౌరవం ఈ కేసులవల్ల పెరగలేదు. అక్కడ తప్పని తేలినదాన్నే ఇక్కడ మనం నియమంగా రాసుకోబోతున్నాం.

వెకిలితనం మాటకు వస్తే, రాణిగారు పోయిన రాత్రే డబ్లిన్‌లో ఒక ఫుట్‌బాల్ మైదానంలో కొందరు ఆమె శవపేటిక మీద పాట కట్టి పాడారు. ఐర్లండ్‌కు ఆ కిరీటంతో శతాబ్దాల పగ ఉంది. మన పగకన్నా పాతది. అయినా ఆ జట్టు యాజమాన్యమే ఆ పాటను ఖండించింది. ఆ పాటలో ఐర్లండ్ పడ్డ బాధ ఏదీ లేదు, ఒక ముసలావిడ చచ్చిపోయిందన్న సంబరమే ఉంది. మన వెనక వరస కుర్రాళ్ళ మాటలోనూ అంతే. అలాంటివాళ్ళను బయటికి పంపే నియమం రాస్తే మొదటి చెయ్యి నాదే లేస్తుంది.

బలవంతపు సంతాపం ఎక్కడికి పోతుందో తెలియాలంటే తూర్పు దేశాలు చూడాలి. 2016 అక్టోబరు 13న థాయిలాండ్‌లో భూమిబోల్ రాజు చనిపోయినప్పుడు జనం నిజంగానే కుమిలిపోయారు, నల్లబట్టలు దొరక్క ఉన్న బట్టలకే నల్లరంగు వేయించుకున్నారు. ఆ దుఃఖం వాళ్ళది, దాన్ని తప్పుపట్టేవాడు మనిషి కాడు. కాని రాజును అవమానించారని ఎవరి మీదైనా అనుమానం కలిగితే గుంపులు ఇళ్ళమీదికి వెళ్ళాయి. సముయి దీవిలో ఒక స్త్రీని రాజు చిత్రపటం ముందు మోకరిల్లజేశారు. ఆ దేశంలో రాజనింద ఒక్కొక్కదానికి మూడునుంచి పదిహేనేళ్ళ జైలు. మోకరిల్లిన ఆమె గురించి చదివినప్పుడు మైకు ముందు నిలబడ్డ మన అమ్మాయే నాకు కళ్ళముందు కనిపించింది.

జపాన్‌లో హిరోహితో చక్రవర్తి 1988 సెప్టెంబరులో మంచం పట్టగానే, ఎవరూ ఆదేశించకుండానే దేశమంతా నోరు కట్టేసుకుంది. ఊరేగింపులు, జాతరలు, పెళ్ళి విందులు మానుకున్నారు. టీవీలో ఒక కారు ప్రకటనలో “అందరూ బాగున్నారా” అన్న పలకరింపుకు గొంతు తీసేసి పెదాల కదలిక మాత్రం ఉంచారు. అలాంటి రోజుల్లో, డిసెంబరులో, నాగసాకి నగర సభలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు మేయరు మోతోషిమా హితోషి లేచి, యుద్ధానికి చక్రవర్తికి కూడా బాధ్యత ఉందని తాను అనుకుంటున్నానని చెప్పారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు పడిన ఊరికి మేయరు ఆయన; తానూ ఆ సైన్యంలో పనిచేసినవాడు. మంచంలో ఉన్న మనిషిని ఒక్క మాట తూలలేదు. మాట వెనక్కి తీసుకోమని సొంత పక్షంవాళ్ళే ఒత్తిడి తెచ్చినా తీసుకోలేదు. 1989 జనవరి 7న చక్రవర్తి చనిపోయారు. ఆ మరుసటి ఏడు జనవరి 18న నగర కార్యాలయం ముందే ఒకడు మోతోషిమా వీపులో తుపాకి పేల్చాడు. ఆయన బతికి, మళ్ళీ ఎన్నికల్లో గెలిచారు. మన సంఘంలో తుపాకులు పట్టుకునేవాళ్ళు లేరు, దేవుడి దయవల్ల. కాని “ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు” అని ఆయనకు మొదట చెప్పినవాళ్ళు కూడా మనలాంటి పెద్దమనుషులే.

ఎప్పుడు మాట్లాడాలన్నది మాత్రం నిజంగా ఆలోచించవలసిన ప్రశ్న, దాన్ని తేలిగ్గా తీసుకోను. రాణిగారు పోయిన నాలుగైదు రోజుల్లోనే పూరీలో ఒక సంస్థవారు కోహినూరు వజ్రం జగన్నాథస్వామిదనీ, రంజిత్ సింగ్ స్వామికి రాసిచ్చాడనీ, దాన్ని తెప్పించమనీ రాష్ట్రపతికి విన్నపం పంపారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనవాళ్ళు చెప్పుకొనే వజ్రం కాబట్టి మన ఊళ్ళోనూ ఆ వారమంతా అదే చర్చ. ఆ కోరిక న్యాయమైనదే కావచ్చు, కాని శవం ఇంకా పూడ్చకముందే అడగడం నా మనసుకు నచ్చలేదు. పాడె మోస్తున్నవాళ్ళను ఆపి పాత బాకీ అడగం కదా. అయితే నాకు నచ్చకపోవడం వేరు, అడిగినవాళ్ళను ఏడాదిపాటు గుడిమెట్లు ఎక్కనివ్వకపోవడం వేరు. పైగా ఆ అమ్మాయి బాకీ అడగలేదు. చచ్చిపోయినవాళ్ళలో ఇంకొందరిని కూడా తలుచుకోమంది. 1997లో ఎలిజబెత్ రాణిగారే అమృతసర్ వచ్చి జలియన్‌వాలాబాగ్‌లో పూలగుచ్ఛం ఉంచి తల వంచారు. క్షమాపణ చెప్పలేదని అప్పుడు చాలామంది బాధపడ్డారు, ఆ బాధ సరైనదే. అయినా చనిపోయినవాళ్ళను తలుచుకోవడం తన గౌరవానికి భంగమని ఆమె అనుకోలేదు.

మీ అందరి మనసుల్లో ఉండి కూడా పైకి రాని భయం ఒకటుందని నాకు తెలుసు. మనం ఇక్కడ అల్పసంఖ్యాకులం. కాగితం మీద ప్రతి పనికీ ఒడియాలో అర్జీ పెట్టుకోవాలి, మన పిల్లల తెలుగు బడులకు మాస్టర్ల కోసం కాళ్ళరిగేలా తిరగాలి. “తెలుగువాళ్ళ సభలో ఫలానావారిని ఏదో అన్నారట” అన్న మాట పుట్టకుండా చూసుకోవడం మీ బాధ్యత అనుకున్నారు. ఆ భయం వెనక ఉన్న మంచి ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పనిచేసినవాడిని, ఆ భయం నాకూ ఉండేది, ఆ రోజు నా నోరు కట్టేసింది కూడా అదే. కాని ఆ అమ్మాయి మాట్లాడినది ఒడిశా ఆకలి గురించి. ఒడియా ఇరుగుపొరుగువారు ఎవరైనా ఆ హాల్లో ఉంటే ఆ పిల్లను దగ్గరకు తీసుకుని ఉండేవారు. మన పిల్ల ఈ నేలను తనదనుకుని, వాళ్ళ ముత్తాతల చావుల్ని తన తెలుగులో చెబుతుంటే, దాన్ని మనమే ఆపాం.

రాణులకూ రాజులకూ జరిగే అన్యాయమేమీ లేదు, ఇలాంటి మాటలవల్ల. 1830లో నాలుగో జార్జి చనిపోతే లండన్ టైమ్స్ పత్రిక, ఈ రాజు పోయినందుకు విచారించినవాళ్ళు ఉండరన్నంత కటువుగా రాసింది. ఆ సింహాసనం చెక్కుచెదరలేదు. విక్టోరియా అరవై మూడేళ్ళకు పైగా ఏలింది.

అందువల్ల నా కోరికలు ఇవి. పద్నాలుగో నియమాన్ని ముసాయిదానుంచి తొలగించండి. దాని స్థానంలో ఏదో ఒకటి ఉండాలనుకుంటే, “సంతాపం పాటించే సమయంలో మరణించినవారి శరీరాన్ని, చావును, వారి కుటుంబం దుఃఖాన్ని వెక్కిరించరాదు, మౌనం పాటించడం ఇష్టంలేనివారు బయటికి వెళ్ళవచ్చును” అని రాయండి, చాలు. 2022 సెప్టెంబరు 11 నాటి తీర్మానాన్ని రద్దుచేయండి. ఆ పోటీ మార్కుల కాగితాలు ఇంకా సంఘం బీరువాలో ఉన్నాయి. నేను గీత కొట్టిన కాగితం మీద నేనే సంతకం పెట్టి ఆ గీత తీసేస్తాను. తక్కిన ఇద్దరు న్యాయనిర్ణేతలతో మాట్లాడాను, వాళ్ళూ వస్తామన్నారు. పాల్గొన్న పిల్లలందరికీ ఇచ్చిన ప్రశంసాపత్రం ఆ అమ్మాయికి ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె డిగ్రీలో చేరింది, ఆ కాగితం వల్ల ఆమెకు ఒరిగేది ఏమీ ఉండకపోవచ్చు, అయినా ఇవ్వాలి. క్షమాపణ చెప్పించిన మైకులోనే మనం క్షమాపణ చెప్పాలని నా అభిప్రాయం. మీకు మనస్కరించకపోతే నా ఒక్కడికైనా రెండు నిమిషాలు సమయం ఇవ్వండి. ఆ పిల్లకు ఇవ్వకుండా మిగుల్చుకున్నది కూడా అంతే.

ఆ కొమ్ము కొంగ ఇప్పటికీ మా ఇంట్లో పుస్తకాల బల్లమీద ఉంది. ఆ రాత్రి వద్దంటే అతను నొచ్చుకుంటాడని ఉంచుకున్నాను. ఉంచుకోవడానికి నాకు అర్హత లేదు. సమావేశం ముగిశాక దాన్ని తీసుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. మీలో ఎవరైనా వస్తానంటే గుమ్మం దగ్గర ఆగుతాను, కలిసే వెళ్దాం.

ఇట్లు,
మీ సంఘంలో ఇరవై ఆరేళ్ళుగా సభ్యుడైన
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు